పెద్ద వల పాట వయసు కోసం విడవలూరు తీరంలో ఒక ఆదివారం

ఈ ప్రయాణం మా గైడు మేడం గీసిన ఒక గీతతో మొదలైంది. సముద్రం ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు పాడే పాటల మీద నేను పరిశోధన చేస్తున్నాను. మొదటి అధ్యాయం మొదటి వాక్యంలోనే "వెయ్యేళ్ల నాటి ఈ పాట" అని రాసి ఇచ్చాను. మేడం ఆ మాట కింద ఎర్రగీత గీసి, "వెయ్యేళ్లని ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఊళ్లో అందరూ అలాగే అంటారన్నాను. "అక్కడికి దగ్గర్లోనే ఒక చర్చిలో ఇదే బాణీలో, ఇదే పద్ధతిలో పాట పాడతారని నువ్వే రాశావు. వల పాట చర్చి నుంచి వచ్చి ఉండొచ్చు కదా? ఏది ముందో తేల్చుకుని రా. తేలకపోతే ఈ అధ్యాయం వదిలేద్దాం" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. మా అమ్మ పుట్టిన జాలరి పాళెంలో పుట్టిందని నేను నమ్మిన పాట అది. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటిదాన్ని నేను. మా వాళ్ల గురించి ఒక అధ్యాయమైనా నా చేత్తో రాయాలని ఈ చదువులోకి వచ్చాను. దాన్ని వదిలేయడం నా వల్ల కాదు.

ఒక రకం సంగీతం ఎప్పుడు మొదలైందో పుస్తకాల్లో చెప్పే పద్ధతులు మూడు నాలుగు ఉన్నాయి. మొదటి రికార్డు వచ్చిన ఏడాది చెబుతారు, లేదా మొదటిసారి అచ్చులో కనిపించిన పేరును పట్టుకుంటారు. ఒక కళకు ఒక పెద్దమనిషిని ఆద్యుడని చెప్పి, ఆయన కాలమే ఆ కళ పుట్టిన కాలమంటారు. నిజానికి ఎవరో రికార్డు చేసే నాటికి ఆ పాట ఎప్పటి నుంచో పాడుతూనే ఉంటారు. చర్చి పాటలు అచ్చయ్యాయి కాబట్టి వాటికో లెక్క దొరుకుతుంది. వల పాటను ఎవరూ అచ్చు వేయలేదు, రికార్డు చేయలేదు. అంతమాత్రాన అది తర్వాత పుట్టిందని ఒప్పుకోవడమెలా? సంవత్సరం దొరక్కపోయినా ముందువెనకలైనా దొరుకుతాయని, జనవరి చివర్లో ఒక ఆదివారం బయలుదేరాను. ఆదివారమైతే పొద్దున వల, ఆ తర్వాత ఆరాధన, రెండూ ఒకే రోజు చూడవచ్చు.

నెల్లూరు నుంచి తెల్లవారకముందే విడవలూరు బస్సు పట్టుకున్నాను. పెన్న వంతెన దాటి కోవూరు మీదుగా గంటకు కాస్త ఎక్కువే పట్టింది. టికెట్టు యాభై రూపాయలు దాటలేదు. విడవలూరు సెంటర్లో ఒక హోటల్లో రెండు కారం దోసెలు తిన్నాను. ముందే తినండి, ఒడ్డున టీ తప్ప ఏమీ దొరకదు. అక్కడి నుంచి సముద్రం దాకా బస్సులు తక్కువ. మస్తాన్ అన్న అనే ఆయన ఆటో సాయంత్రం దాకా ఏడొందలకు మాట్లాడుకున్నాను.

"ఇంత పొద్దున్నే యాడికి పాపా, రామతీర్థం గుడికా?" అన్నాడాయన.

"కాదన్నా. పెద్ద వల లాగేది చూడాల."

"వల లాగేది చూసేదానికి ఆటో కట్టుకోని వచ్చినావా! మావోడు ఆ తాడు లాగలేకనే తడ కాడికి పారిపోయి కంపెనీలో చేరినాడు."

"మా నాన్నా అట్టా పోయినోడే అన్నా. అక్కడే వాచ్‌మన్ పని."

ఆయన అద్దంలో నా వంక ఒకసారి చూసి, "అట్టయితే నువ్వు తెలిసే వచ్చినావులే" అన్నాడు. దారంతా వరి పొలాలు, ఆపైన రొయ్యల గుంటలు, తర్వాత సరుగుడు తోటలు. సరుగుడు తోట దాటగానే ఇసుక. ఆటో అక్కడ ఆగిపోయింది. మిగిలింది నడక.

నిజానికి మస్తాన్ అన్న అన్నంత తెలియదు నాకు. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చిన ప్రతిసారీ వల లాగడం చూశాను గానీ, తాడు మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. చదువుకునే పిల్ల చేతులు బొబ్బలెక్కకూడదని ఎవరూ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. పోయిన రెండు సార్లు వచ్చినప్పుడు కూడా గట్టు మీద కూర్చునే రికార్డు చేసుకున్నాను. ఆ రికార్డుల్లో పాట పద్ధతి తెలిసింది. ఒక గొంతు ఒక పంక్తి ఎత్తుకుంటుంది, అందరూ "ఐలెస" అంటారు, ఆ వెంటనే ఒక తాళం దెబ్బంత కాలం ఏ చప్పుడూ ఉండదు. ఆ ఖాళీని ఊపిరి పీల్చుకునే సందు అనుకున్నాను. పంక్తి పంక్తికీ గొంతు ఎందుకు మారుతుందో మాత్రం అర్థం కాలేదు.

పోలయ్య మామ నాకోసం ఒడ్డునే ఎదురుచూస్తున్నాడు. మా అమ్మకు వరసకు అన్న. డెబ్భై దాటినా వల ఎప్పుడు వేయాలో ఇప్పటికీ ఆయనే చెబుతాడు. నన్ను చూడగానే తిరగేసిన పడవ నీడ చూపించి, "ఆడ కూచో తల్లా. ఫోన్‌లో పట్టుకుంటావు గదా పాట" అన్నాడు.

"ఈ పొద్దు కూచోను మామా. తాడు పట్టుకుంటా."

"పట్టుకోని ఏం జేస్తావ్?"

"లాగతా."

"మీ అమ్మ నన్ను లాగతాది ఆనక. వద్దు."

తాడు దగ్గరున్న మంగమ్మక్క నవ్వింది. ఆ పాళెంలో గొంతు బాగా లేచే మనిషి ఆమే. "లాగనీ మామా, ఏమైతాది? మేయ్, చేపల్లో వాటా అడగబాకు. పాటలో తీసుకో నీ వాటా" అంది. మామ తల కొట్టుకుంటూ నా నడుముకు ఒక చిన్న తాడు కట్టి, దాని కొసను పెద్ద తాడుకు మెలివేశాడు.

చూడబోయే వాళ్లకు అర్థం కావడానికి ఈ పని గురించి కాస్త చెప్పాలి. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వస్తుంది. దాని రెండు కొసల తాళ్లు ఒడ్డుకు చేరతాయి. ఒక్కో తాడుకు పదిహేను ఇరవై మంది వరసగా కట్టుకుని, సముద్రం వైపు చూస్తూ వెనక్కి నడుస్తారు. అందరికన్నా వెనకున్న మనిషి గట్టు దాకా పోగానే తన ముడి విప్పుకుని, ముందుకు నడిచి నీళ్ల అంచున మళ్లీ తాడుకు కట్టుకోవాలి. అలా వరస తిరుగుతూనే ఉంటుంది. నీళ్ల అంచుకు కొత్తగా వచ్చిన మనిషే తర్వాతి పంక్తి ఎత్తుకోవాలి. వల ఎలా వస్తున్నదో దగ్గరగా కనిపించేది ఆ మనిషికే. గొంతు మారడానికి కారణం ఇంతే. గట్టు మీద కూర్చుని రెండు సార్లు విన్నా నాకు తట్టలేదు.

"బరువైన వల వస్తా ఉండాదో" అని మంగమ్మక్క ఎత్తుకుంది. "ఐలెస" అన్నాం. నేను ఊపులో ఇంకో అడుగు వెనక్కి వేశాను. మిగతా అందరూ ఆ ఖాళీలో మడమలు ఇసుకలోకి దించి, అల గుంజుడుకు తట్టుకుని నిలబడ్డారు. నేను ఒక్కదాన్నే కాలు గాల్లో పెట్టి ఉన్నాను. అల తాడును గుంజింది. వెల్లకిలా పడ్డాను.

నీళ్ల అంచున కొత్తగా కట్టుకున్న మనిషి తడుముకోకుండా, "నెల్లూరు పాప లాగతా ఉండాదో" అని అందుకున్నాడు. అందరూ నవ్వుతూనే "ఐలెస" అన్నారు. తర్వాతి మనిషి, "తాడుకే సిగ్గై పోతా ఉండాదో" అన్నాడు. మళ్లీ "ఐలెస". లేచి ఇసుక దులుపుకుని ఈసారి మడమలు దించాను. ఆ ఖాళీ ఊపిరి కోసం కాదని నా నడుముకు తెలిసింది. అక్కడ పాడితే కాళ్లు కదులుతాయి, కదిలితే వల వెనక్కి పోతుంది. ఆ నిశ్శబ్దం పనికి కావాలి.

నా వంతు వచ్చి నీళ్ల అంచుకు వెళ్లేసరికి గట్టు మీదికి చేపల వ్యాపారి బొలెరో వచ్చి ఆగింది. నోటికి వచ్చినట్టు "బొలెరో వచ్చినాది గట్టు మీదికో" అన్నాను. ఆశ్చర్యం, అందరూ "ఐలెస" అన్నారు. వల ఒడ్డుకు చేరాక మంగమ్మక్కను ఒక సంగతి అడిగాను. పోయినసారి రికార్డులో తెరచాప ఓడ గురించి ఒక పంక్తి ఉంది. తెరచాపల కాలం నాటిది కాబట్టి పాట అంత పాతదని ఒక పేజీ నిండా రాశాను.

"ఆ ఓడా? నేనే పెట్టినా. టీవీలో సీరియల్ చూసినా ముందురోజు" అంది.

ఆ పేజీ పోయింది. మాటలు ఏ రోజుకారోజు మారిపోయే పాటలో, మాటలను బట్టి వయసు చెప్పకూడదని ఒడ్డునే అర్థమైంది. ఏదైనా దొరికితే ఆ వరసలో, ఆ ఖాళీలో దొరకాలి.

చర్చి ఉన్న పల్లె అక్కడికి ఆటోలో పది నిమిషాలు. అక్కడివాళ్లు వ్యవసాయ కూలీలు. పొలం పనులు లేని రోజుల్లో చేపల వాటా కోసం తాడు లాగడానికి వెళ్లడం పాత రోజుల నుంచీ ఉందట. ఆరాధనకు ఎవరైనా వెళ్లవచ్చు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. కానుకల తర్వాత ఆ పాట మొదలైంది. అందరికన్నా వెనకున్న ఆమె లేచి, నడిచి ముందుకు వచ్చి, పంక్తి ఎత్తుకుని అక్కడే కూర్చుంది. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆ వెంటనే కంజిర ఆగింది, చప్పట్లు ఆగాయి. ఒక దెబ్బ కాలం నిశ్శబ్దం. అందరూ చాపల మీద కొద్దికొద్దిగా వెనక్కి జరిగారు. ఆ తర్వాత వెనక నుంచి ఇంకొకరు లేచారు. పొద్దున ఒడ్డున నేను తిరిగిన వరసే.

ఆరాధన అయ్యాక పాస్టరు గారిని అడిగాను. "వెనకున్నవాళ్లు ముందుకు రావాలని వాక్యం చెబుతుందమ్మా. అందుకే అలా పాడతాం" అన్నారు ఆయన. మధ్యలో ఆగడం ఎందుకని అడిగాను. "దేవుడు వినడానికి" అన్నారు. అప్పుడు నిజంగా భయపడ్డాను. వరసకు ఇక్కడా కారణం ఉంది, నిశ్శబ్దానికీ ఉంది. వల వాళ్లే ఇక్కడ విని నేర్చుకున్నారని ఎవరైనా అనవచ్చు. కానీ పాట సాగుతున్నంతసేపూ నేను ఒకటి గమనించాను. నా ముందు కూర్చున్న ఒక ముసలామె ఆ నిశ్శబ్దం వచ్చిన ప్రతిసారీ రెండు మడమలూ నేలకు గట్టిగా అదుముతున్నది. పక్కనున్న పడుచువాళ్లెవరూ అలా చేయడం లేదు.

ఆమె పేరు ఎస్తేరమ్మ. మాట కలపగానే, "ఎండలో నిలబడి ఏందే మాటలు, తిందువు రా" అని ఇంటికి తీసుకుపోయింది. మామిడికాయ వేసిన చేపల పులుసు. డబ్బులివ్వబోతే కసిరింది. పోలయ్య మామ మేనకోడలినని, ఏ పాట ముందో తేల్చుకోవడానికి వచ్చానని చెప్పగానే ఆమె తీర్పు ఇచ్చేసింది.

"మా పాటే ముందు. పాళెపోళ్లు మా కాడ నేర్చుకున్నారు. వాళ్లకి పాటలు యాడివి, బూతులు తప్ప!"

"నువ్వు కూడా తాడు లాగినావా అవ్వా?"

"లాగినా. గౌను వేసుకునే పిల్లప్పటి నుంచి లాగినా. మా అమ్మ ఎనక నిలబడి."

"అప్పటికి చర్చి ఉండాదా?"

"లేదే. తర్వాత గదా గుడిసె వేసినారు. ఆ గుడిసెలో మొదటి పెళ్లి నాదే. ఈ పాట పాడినారు నాకు. మీ పోలయ్య అప్పుడు మొలతాడు తప్ప ఇంకేం లేకుండా పెళ్లి పందిట్లో తిరగతా ఉన్నాడు."

"మరి చర్చి రాకముందు మీ అమ్మ ఎనక నిలబడి లాగేటప్పుడు ఏం పాడేవాళ్లు?"

"అప్పుడా..." అని ఎస్తేరమ్మ అవ్వ కళ్లు మూసుకుని ఎత్తుకుంది. మాటలు వేరు, ఎవరిదో పొట్టను ఎగతాళి చేసే మాటలు. బాణీ అదే. "ఐలెస" అంది, ఆగింది, మడమలు అదిమింది. రెండో పంక్తి ఎత్తుకోబోయి కళ్లు తెరిచింది. నోరు మూసుకుని నా వంక చూసింది. తర్వాత ఇల్లదిరేలా నవ్వింది.

"ఓసి నీ తెలివి! పులుసు తిని నన్నే పట్టించినావే!"

"పాస్టరు గారికి చెప్పమంటావా అవ్వా?"

"నేనే చెప్తాలే. దేవుడికేమన్నా తెలవదా, ఆయన అప్పుడూ వింటానే ఉన్నాడు గదా."

మధ్యాహ్నం మళ్లీ పాళెం చేరేసరికి పోలయ్య మామ, మంగమ్మక్క పడవ నీడలో వల చిరుగులు కుడుతున్నారు. వల పాటే ముందని చెప్పాను. మామ సంతోషం చూడాలి. "నేను చెప్పలా! వెయ్యేళ్ల పాట గదా" అన్నాడు. అక్కడితో ఆపి నెల్లూరు బస్సెక్కి ఉండవచ్చు. మేడం అడిగింది ఏది ముందని మాత్రమే. కానీ నా వాక్యంలో వెయ్యేళ్లు అలాగే ఉంది. ఒక చివర తెలిసింది, రెండో చివర అడగకుండా పోవడం సగం పని.

"మామా, మీ తాత కూడా ఇట్టానే పాడేవాడా?" అన్నాను.

"మా తాతకి ఈ వల యాడిది? ఆయనది చిన్న వల. ఐదారుగురు మోకాటి నీళ్లల్లో నిలబడి చేత్తో గుంజేవాళ్లంట. ఈ పెద్ద వల మా నాయన, ఆయన జతగాళ్లు తెచ్చినారు. దచ్చినంగా యాడో చూసొచ్చి, నూలు కొనుక్కోని రెండు వానాకాలాలు కూచోని అల్లినారంట. నేనింకా పుట్టలా."

"మరి నిలబడి గుంజేటప్పుడు పాట?"

"పాటెందుకు? యెవురు యెనక్కి నడవాల, యెవురు ముందుకు రావాల? ఒకడు ఊ అంటే సాలు గదా." అలా అంటూ నవ్వుతున్న మామ నవ్వు సగంలో ఆగింది. చేతిలో దారం కూడా ఆగింది. "అయితే మా తాత ఈ పాట పాడలేదంటావా?"

"ఈ పాట పాడుండడు మామా. ఇది మనుషులు తిరిగే వరసలో పుట్టిన పాట. ఆయన వలలో ఆ వరస లేదు."

"వెయ్యేళ్లు?"

"లేవు."

"మరి అట్టానే రాస్తావా?"

"అట్టానే రాస్తా."

మామ మంగమ్మక్క వైపు తిరిగాడు. "ఇన్నావా? మన ఆడబిడ్డ సదువుకోని వచ్చి, మన పాట నిన్న మొన్నటిదని రాస్తాదంట!"

అమ్మ పుట్టింటి మనిషిని నొప్పించి, మళ్లీ ఈ ఒడ్డుకు ఏ మొహంతో రావాలి? అయినా అబద్ధం రాసి ఆయనకు చదివి వినిపించడం అంతకన్నా కష్టం.

"మామా, వెయ్యేళ్ల పాటైతే ఎవరు కట్టినారో ఎవరికీ తెలవదు. ఎవరి పేరూ రాయలేను. ఇది మీ నాయన వల తెచ్చినాక, ఎస్తేరమ్మ పెళ్లికి ముందు పుట్టింది. ఈ ఊళ్లో మొదట పాడినోళ్లెవరో నీకు తెలుసు."

మామ చేతిలోని దారానికి ముడి వేసి, "మా నాయన పేరు రాస్తావా?" అన్నాడు.

"ఆయనొక్కడే కట్టినాడని రాయలేను. ఆ మొదటి వల లాగినోళ్లందరి పేర్లూ చెప్పు, అందరివీ రాస్తా."

మామ చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో రికార్డు పెట్టాను. తండ్రి పేరు, ఆయన తోడల్లుడి పేరు, పడవ నడిపినాయన పేరు. నాలుగైదు అయ్యాయో లేదో మంగమ్మక్క సూది పక్కన పెట్టింది.

"అందరూ మొగోళ్లేనా? మా నాయనమ్మని మింగేసినావే. కడుపుతో ఉండి కూడా తాడు పట్టిందని మీ అమ్మే చెప్పింది గదా?"

"చెప్తన్నా గదా, ఆగు."

"ముందు చెప్పు."

"సరే తల్లా, ముందు ఆమెదే రాసుకో" అన్నాడు మామ.

అధ్యాయం మళ్లీ రాసి ఇచ్చాను. మేడం ఉంచుదామన్నారు. పెద్ద వలను దక్షిణాన ఎక్కడో చూసి వచ్చారు కాబట్టి, పాట కూడా అక్కడి నుంచే వచ్చిందేమో చూడమన్నారు. చూస్తాను. అక్కడ ఇదే పాట ఇంకా పాతదిగా దొరికితే అదీ రాస్తాను. ఏడాది నాకు దొరకలేదు, దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. ఒక వల అల్లిన రోజులకూ ఒక పెళ్లికీ మధ్య అని మాత్రం చెప్పగలను. పాట పాతదైతేనే విలువ అనుకుని బయలుదేరాను. ఎవరు కట్టారో తెలియనంత పాతదైతే, కట్టినవాళ్లు అందులో నుంచి జారిపోతారని ఇప్పుడు అనుకుంటున్నాను. మా వాళ్ల పాట చిన్నదని తేలినందుకే వాళ్ల పేర్లు అచ్చులోకి వస్తున్నాయి.

మీరూ ఇలాంటి పాటల కోసం తీరానికి వెళ్తుంటే ఒక్క మాట. "ఈ పాట ఎన్నేళ్లది?" అని మాత్రం ఎవరినీ అడగకండి, వెయ్యేళ్లంటారు. "మీకంటే ముందు ఎవరు పాడేవాళ్లు? వాళ్లు అప్పుడు ఏ పని చేస్తూ పాడేవాళ్లు?" అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు పాడి చూపిస్తారు.